తాటితోపు పాఠం

నాకు నోరు పెద్దది, గుండె చిన్నది. కొళాయి దగ్గర బిందెల వరస తప్పిందంటే వీధి చివరిదాకా నా గొంతే వినపడేది. అదే గొంతు, ఎవరైనా ఒక కాగితం పట్టుకొచ్చి హిందీలో ఏదైనా అడిగితే పాతాళానికి దిగిపోయేది. పంతొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలం దాకా నా పిరికితనం వల్ల ఎవరి కొంపా మునగలేదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మావారి ఫ్యాక్టరీ పని కోసం బొబ్బిలి వైపు నుంచి వచ్చిపడ్డ ఈ హిందీ ఊళ్లో, ఆ ఏడు హోళీ రంగులు గోడల మీద ఇంకా వెలిసిపోకముందే మావారు ఒక కబురు మోసుకొచ్చారు. సైకిలు స్టాండు కూడా వెయ్యలేదు, గోడకు చేరేసి చెప్పడం మొదలుపెట్టారు. రుఆబాంధా వైపు రేకుల షెడ్డులో మన తెలుగు పిల్లలకు బడి పెడుతున్నారట. పంతులమ్మ కావాలట. చదువుకున్న ఆడది మనవాళ్లలో ఎవరుందా అని మాటొస్తే, మా ఇంటిది బొబ్బిలిలో ఎనిమిదో తరగతి పాసైంది అని చెప్పేసి వచ్చారట. నన్నొక మాట అడగాలని ఆయనకు తోచలేదు.

చిక్కేమిటంటే ట్రైనింగు ఉండాలి. ట్రైనింగు స్కూలు దుర్గ్‌లో ఉంది. అందులో చేరాలంటే ఇక్కడి హిందీ మిడిల్ స్కూలు పాసై ఉండాలి. నా తెలుగు చదువును వాళ్లు చదువు కింద లెక్కవెయ్యరు. నాలాంటివాళ్ల కోసం ఏడాదికొకసారి, వేసవి చివర, ఒక పరీక్ష పెడతారు. దాన్ని సమకక్ష పరీక్ష అంటారు. మన చదువు వాళ్ల చదువుకు సరితూగుతుందో లేదో తూచి చూసే పరీక్ష అన్నమాట. లెక్కలు, హిందీ రాత, ఆఖర్న ముగ్గురు పెద్దల ముందు కూర్చుని హిందీ పుస్తకం పైకి చదవడం.

లెక్కలంటే నాకు బెరుకు లేదు. ఏ భాషలో కూడినా కూడికే. పైకి చదవడం అనగానే మాత్రం నావల్ల కాదు, నేను వెళ్లనన్నాను.

"రాపోతే నేర్సుకో. ఈ గుంట నేర్సుకోలేదేటి?" అని మావారు మా ఛాయను చూపించారు. ఛాయ అప్పుడు ఆరేళ్లది. ఇక్కడే పుట్టింది, నిద్దట్లో కూడా హిందీలోనే పలవరించేది. దానికీ నాకూ పోలికేమిటి?

పక్క క్వార్టర్లో మణిమాల దీదీ ఉండేది. బెంగాలీ మనిషి, ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్ల మధ్య పెరిగింది కాబట్టి మన తెలుగు కొంత వచ్చు. స్కూల్లో టీచరు. లూ అనే వడగాలి కొట్టే మధ్యాహ్నాలు వీధిలో కుక్క కూడా తిరగదు కదా, అప్పుడు ఆమె ఇంట్లో వట్టివేళ్ల తడిక మీద నీళ్లు చల్లుకుని ఇద్దరం నాలుగో తరగతి హిందీ వాచకం ముందేసుకుని కూర్చునేవాళ్లం. హిందీలో అన్నం మగదట, రొట్టె ఆడదట, పప్పు కూడా ఆడదట. రోజూ వండేదాన్ని, నన్నడక్కుండా ఇవన్నీ ఎవరు తేల్చారో అని విసుక్కునేదాన్ని. అయినా వైశాఖం దాటేసరికి తడబడుతూ తడబడుతూ చదవడం పట్టుబడింది. మణిమాల దీదీ మెచ్చుకున్న రోజు ఇంటికొచ్చి ఛాయను పట్టుకుని గిరగిరా తిప్పాను.

అప్పుడొచ్చింది ఆ పాఠం. కృష్ణుడు, ఆయన అన్నగారు తాటితోపుకు వెళతారు. తోపులో గాడిద రూపంలో ఒక రాక్షసుడుంటాడు. అన్నగారు వాడి వెనక కాళ్లు పట్టుకుని తిప్పి చెట్టుకేసి కొడతాడు. అంతే కథ. వీరత్వమంతా అన్నగారిదే కాబట్టి వాక్యానికొకసారి ఆయన పేరొస్తుంది. నేను గబగబా చదువుకుంటూ పోయి, "కృష్ణ్ ఔర్ ఛాయా కే పితాజీ తాడ్ కే వన్ మే గయే" అన్నాను.

మణిమాల దీదీ చేతిలో విసనకర్ర కిందపడిపోయింది. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నేను ఏమన్నానో నాకు అప్పటికిగానీ తెలియలేదు. కృష్ణుడూ, మా ఛాయ వాళ్ల నాన్నా కలిసి తాటితోపుకు వెళ్లారని చదివాను.

మావారి పేరు బలరాం. పెళ్లయిన దగ్గర్నుంచీ అప్పటిదాకా ఆ పేరు నా నోట రాలేదు. మా వైపు ఆడవాళ్లు అనరు. అంటే మొగుడికి ఆయుక్షీణం. మా అత్త గున్నమ్మ ఈ విషయంలో నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. మామగారి పేరు అప్పలసూరి కాబట్టి ఆవిడ జన్మలో అప్పడాన్ని అప్పడం అనలేదు, 'ఆ గుండ్రందాన్ని ఏయించు' అనేది. మామగారు పోయి అప్పటికి చాలా కాలమైంది. పోయినాయనకు ఇంక ఆయువేమిటత్తా అని ఒకసారి అడిగితే, పైన కూడా ఆయనకి బాగుండాలి కాదేటి అంది.

దీదీ ఊరుకోలేదు. సాయంత్రం మావారు రాగానే ఈ తాటితోపు సంగతి చెప్పి మళ్లీ నవ్వింది. ఆయనా నవ్వారు.

"అంటే ఏటవుతాది? నాను సచ్చిపోతానేటి? ఏదీ, అనీ ఒకసారి, సూద్దాం," అన్నారు నాతో.

అత్త చేతిలో గరిటె ఉంది. అది ఆయన మీదికి విసిరింది. ఎప్పుడూ కొడుకు మీద చెయ్యెత్తని మనిషి. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని నాకు వాళ్లక్క అప్పయమ్మ సంగతి చెప్పింది. పాలకొండలో ఏదో భూమి తగువులో కోర్టు అమీను వచ్చి నీ మొగుడి పేరేమిటి, చెప్పకపోతే నీ పొలం నీది కాదంటే, అప్పయమ్మ తలుపు చాటునుంచి చెప్పిందట. పొలం దక్కింది. ఆ పండిన పంట తినడానికి మొగుడు లేడు. "మా బావ అప్పటికి తలనొప్పి కూడా ఎరగడు," అంది అత్త.

నేను ఎనిమిదో తరగతి దాకా సైన్సు చదువుకున్నదాన్నే. గ్రహణం ఎలా పడుతుందో బల్ల మీద నిమ్మకాయలు పెట్టి చూపించగలను. కానీ భయం మన సర్టిఫికెట్లు చూసి లోపలికి రాదు. ఆ రోజు నుంచి ఆ పాఠం దగ్గరికి రాగానే పేజీ తిప్పేసేదాన్ని. పుస్తకంలో అన్ని పాఠాలుండగా పరీక్షలో అదే రావాలని ఎక్కడుంది?

జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం మావారు షిఫ్టు దిగి వణుకుతూ వచ్చారు. బయట నిప్పులు చెరుగుతుంటే ఆయన దుప్పటి అడిగారు. వడదెబ్బ అనుకున్నాం. అత్త పచ్చి మామిడికాయ కాల్చి పానకం చేసింది, అరికాళ్లకు ఉల్లిపాయ రుద్దింది. జ్వరం దిగలేదు. రోజులు గడిచేకొద్దీ మెట్లెక్కినట్టు పైకెక్కింది. ఆసుపత్రిలో చేర్చుకుని టైఫాయిడ్ అన్నారు. మా వైపు దాన్ని సన్నిపాతం అంటారు, ఆ మాట వినగానే పక్కింటివాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు.

మొదట్లో ఆయన బాగా మాట్లాడేవారు, మాతో కాదు. ఎవరినో ఎడ్లు తోలమనేవారు, గట్టు తెగిందనేవారు. తర్వాత ఆ పలవరింత కూడా తగ్గిపోయింది. కళ్లు సగం మూసి, సగం తెరిచి, దుప్పటి అంచును వేళ్లతో ఏరుతూ పడి ఉండేవారు. ఆ వేళ్లు ఏరడం చూస్తే నా ప్రాణాలు అక్కడే పోయేవి. డాక్టరు ఈ వారం గడవాలి అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు, నాకు అడిగే ధైర్యం లేకపోయింది.

భయమేసింది అంటే చాలదు. ఆయన పోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఊళ్లో మాకు సెంటు భూమి లేదు. ముసలామె, నేను, ఆరేళ్ల పిల్ల, ఎక్కడికి పోతాం? మనిషి ఇంకా మంచం మీద ఊపిరి తీస్తుండగా ఇవన్నీ లెక్కలు వేస్తున్నావా సిగ్గులేనిదానా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. తిట్టుకుంటూ మళ్లీ అవే ఆలోచించేదాన్ని.

ఇంతలో పరీక్ష రోజు వచ్చేసింది. మణిమాల దీదీ మెల్లగా గుర్తుచేసింది. ఇప్పుడు వెళ్లకపోతే మళ్లీ ఏడాది, అప్పటికి ఆ బడికి ఇంకెవరినో చూసుకుంటారు అంది. నేను వెళ్లనని చెప్పేశాను. మొగుణ్ని ఆ స్థితిలో వదిలి పుస్తకం పట్టుకుపోతే లోకం ఏమంటుంది, నా మనసేమంటుంది?

తేల్చింది అత్తే. పరీక్షనాడు తెల్లారి, ఆసుపత్రికి గంజి పట్టుకెళ్లడానికి ఆవిడ క్యారేజీ సర్దుతోంది. నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఎల్లు. ఆడి దగ్గర నానుంటాను. నువ్వక్కడ కూకుని ఏడిస్తే ఆడి జొరం దిగుద్దేటి? ఎల్లి రాసీసి రా."

"అత్తా..."

"ఇను. ఆ గాడిద పాఠం వొస్తే మాత్తరం పుస్తకం మూసీసి లేసి వొచ్చీ. పరీచ్చ మళ్లీ వొస్తాది. ఆడి పేరు నీ నోట రాకూడదు. ఈయేళ అసలు రాకూడదు. మాటియ్యి."

మాటిచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉంటాను? నేను కూడా అదే అనుకున్నాను కదా. ఛాయను దీదీకి అప్పగించి, పవర్ హౌస్ దగ్గర బస్సెక్కాను. ఒక్కదాన్నే ఊరు దాటడం అదే మొదలు. టిక్కెట్టు చేతిలో చెమటకు తడిసి ముద్దయింది.

దుర్గ్‌లో ఒక స్కూలు హాల్లో కూర్చోబెట్టారు. నాలాగే పరాయి చదువులు చదువుకొచ్చిన ఆడవాళ్లే అందరూ. మలయాళీ అమ్మాయి ఒకామె, పంజాబీ ఆమె ఒకరు, తూర్పు బెంగాల్ నుంచి వచ్చేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు. ఎవరి దేవుణ్ని వాళ్లు తలుచుకుంటున్నారు. లెక్కలు చేసేశాను. రాత కూడా ఏదో అయిందనిపించాను. మధ్యాహ్నం ఒక్కొక్కరినే పక్క గదిలోకి పిలిచారు. లోపలికి వెళ్లినామె బయటికొచ్చేదాకా మిగిలినవాళ్లం తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం.

గదిలో ముగ్గురున్నారు. మధ్యలో తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన, హెడ్మాస్టరుగా చేసి దిగినాయనట. ఆయనకు అటు కలం పట్టుకున్న కుర్రాయన, ఇటు ఖద్దరు చీర కట్టుకున్న ఒకామె. పెద్దాయన పుస్తకం తీసి, వేలికి తగిలిన పేజీ తెరిచి నా ముందుకు తోశాడు.

"పఢియే, బేటీ."

బొమ్మ ముందు కనబడింది. తాటిచెట్లు. వాటి కింద గాడిద.

లేచి వచ్చెయ్యమంది కదా అత్త, లేద్దామనే అనుకున్నాను. అయినా లేవలేదు. మొదటి రెండు వాక్యాల్లో గోపబాలురు, ఆకలి, తాటిపళ్ల వాసన, అంతే ఉన్నాయి, ఆ పేరు లేదు. అవి చదువుతూ ఉంటే ఈలోపు ఏదో ఒకటి తోస్తుందనుకున్నాను. ఏమీ తోచలేదు. మూడో వాక్యం వచ్చింది, నా నాలుక దాని అలవాటు ప్రకారం అది చదివేసింది.

"కృష్ణ్ ఔర్ ఛాయా కే పితాజీ..."

పెద్దాయన తలెత్తాడు. కుర్రాయన పుస్తకంలోకి తొంగిచూశాడు.

"ఛాయా కౌన్ హై?" అని అడిగాడు పెద్దాయన.

"మేరీ బేటీ," అన్నాను.

కుర్రాయన కలం పట్టుకున్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఖద్దరు చీర ఆమె మాత్రం పుస్తకం చూసింది, నా మెడలో పసుపుతాడు చూసింది, అర్థం చేసుకుంది. పెద్దాయన చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది, నాలుగు కన్నీళ్లు కార్చి లేచి వచ్చేసేదాన్ని.

ఆయన నాకు అర్థమయ్యేలా నిదానంగా హిందీలో అడిగాడు. రేపు నీ తరగతిలో ఈ పేరున్న కుర్రాడు ఒకడుంటాడు బేటీ, ఈ దేశంలో ప్రతి బడిలోనూ ఒకడుంటాడు, హాజరు ఎలా పిలుస్తావు అన్నాడు. వాడు పొద్దున్నే స్నానం చేసి వచ్చి, తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని కూర్చుని ఉంటాడు కదా అన్నాడు.

మావారికి ఒంట్లో అసలు బాగాలేదని, ఆసుపత్రిలో ఉన్నారని నాకు వచ్చిన హిందీలో చెప్పాను. "వో బీమార్ హై. బహుత్ బీమార్ హై. అస్పతాల్ మే."

ఖద్దరు చీర ఆమె పేజీ మార్చండి అంది. పెద్దాయన కొంచెంసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు.

"పేజీ మార్చగలను," అన్నాడు. "పిల్లాడి పేరు మార్చలేను."

ఇవాళ ఇంటికి వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టరు, వచ్చే ఏడు రా, ఈ గదిలో ఇదే కుర్చీ ఉంటుంది అని కూడా అన్నాడు. నన్నే తేల్చుకోమన్నాడు.

నేను లేచి వెళ్లిపోతే మావారు బతుకుతారని ఎవరైనా నా చేతిలో చెయ్యి వేసి ఉంటే, ఆ క్షణమే వెళ్లిపోయి ఉండేదాన్ని. అలా ఎవరు వేస్తారు? ఆయన లేకపోతే మా ముగ్గురికీ తిండి ఈ పుస్తకమే. ఆయన ఉంటే, లేచి కూర్చున్నాక అడిగే మొదటి మాట పాసయ్యావా అని. ఎటు చూసినా చదవక తప్పేలా లేదు. కానీ అప్పయమ్మ కూడా సరిగ్గా ఇలాగే అనుకుని ఉంటుంది కదా, తలుపు చాటున నిలబడి.

పుస్తకం దగ్గరికి లాక్కున్నాను. చదివాను.

"జోర్ సే," అన్నాడు పెద్దాయన.

మళ్లీ చదివాను, గట్టిగా. ఆ వాక్యం, దాని తర్వాతది, దాని తర్వాతది. పేజీ చివరిదాకా ఆ పేరు ఎన్నిసార్లు వచ్చిందో నేను చూసుకోలేదు. గాడిద చచ్చింది, పిల్లలు తాటిపళ్లు తిన్నారు, పాఠం అయిపోయింది. పెద్దాయన బస్, చాలు అన్నాడు. ఖద్దరు చీర ఆమె గ్లాసుతో నీళ్లిచ్చింది. పాసయ్యానా అని అడగలేదు. వాళ్లూ చెప్పలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మా అమ్మవారు పైడితల్లితో వాదన పెట్టుకున్నాను. తల్లీ, నేను చదివాను గానీ పిలవలేదు, చదవడం వేరు, పిలవడం వేరు. అది కృష్ణుడి అన్నగారి పేరు, మా ఇంటాయనది కాదు. ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పుడు నేను ఆ దేవుణ్నే తలుచుకున్నాను. అబద్ధం. ఆ దేవుణ్ని తలుచుకోలేదు. దుప్పటి అంచు ఏరుతున్న ఆ వేళ్లే నా కళ్ల ముందు ఉన్నాయి, అది పైడితల్లికి తెలియదా? దారిలో ఉన్నట్టుండి మబ్బు పట్టి తొలకరి మొదలైంది. బస్సులో అందరూ చేతులు బయటపెట్టి సంబరపడుతున్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఎంత తొందరగా వెళితే అంత మంచిదనీ, అసలు ఈ బస్సు ఎప్పటికీ చేరకపోతే బాగుండుననీ రెండూ ఒకేసారి అనిపించాయి.

ఆసుపత్రి మెట్ల దగ్గరికి వచ్చేసరికి వరండా చివర్నుంచి అత్త గొంతు వినబడింది.

"బలరాం... ఒరే బలరాం... ఒరే నాయనా, బలరాం..."

మా వైపు పోయినవాళ్లను అలాగే పిలుస్తారు. శవం పక్కన కూర్చుని, పేరుపెట్టి, ఒకే రాగంలో, గొంతు చిరిగిపోయేదాకా పిలుస్తారు. ఆ రాగం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తడి మెట్ల మీద కూలబడ్డాను. అయిపోయింది. నేను చంపుకున్నాను. పిల్ల అడిగితే ఏం చెప్పను, నాన్న పేరు చదివి నాన్నను చంపేశానని చెప్పనా? ఆయా ఒకామె వచ్చి, క్యా హువా బాయీ అని భుజం పట్టుకుంది.

అప్పుడు, అత్త పిలుపుకీ పిలుపుకీ మధ్యలో, సన్నగా, చాలా విసుగ్గా, ఒక మూలుగు వినబడింది.

"ఊఁ..."

ఆయా చెయ్యి విదిలించుకుని పరిగెత్తాను. పరిగెత్తానంటే ఏమిటి, గోడ పట్టుకుని దేకాను. మంచం మీద ఆయనున్నారు. పొద్దున ఎలా ఉన్నారో అలాగే, సగం కళ్లు మూసుకుని. అత్త తలాపున స్టూలు మీద కూర్చుని ఉంది. జుట్టు ఊడిపోయి ఉంది, కళ్లు గుంటలు పడ్డాయి. గంజి క్యారేజీ మూత తియ్యకుండా అలాగే ఉంది. నన్ను చూసి కూడా ఆవిడ ఆపలేదు.

"బలరాం."

"ఊఁ."

"బలరాం."

"ఊఁ... ఒగ్గీ అమ్మా."

పక్క మంచం మనిషి నాకు ఫిర్యాదు చేశాడు. పొద్దున నర్సు వచ్చి, మధ్యమధ్యలో పేరుపెట్టి పిలుస్తూ ఉండండి, పలకకపోతే నాకు చెప్పండి అందట. ఇక అప్పట్నుంచి ఈ ముసలామె నోరు ముయ్యలేదు, వార్డులో ఎవరికీ కునుకు లేదు అన్నాడు.

అత్త నా మొహంలోకి చూసింది. నేను ఏమీ చెప్పకముందే చూసింది. నాకు దాక్కోవడానికి చోటు లేదు.

"వొచ్చిందా ఆ పాఠం?" అంది. గొంతు బొంగురుపోయి సగం మాట గాలే వచ్చింది.

తల ఊపాను.

"అన్నావా?"

"అన్నానత్తా." ఏడుపు ఆగలేదు. "మాటిచ్చి కూడా అన్నాను. పేజీ చివరిదాకా అన్నాను."

కొడుతుందనుకున్నాను. కొట్టినా పడి ఉండేదాన్ని. ఆవిడ కొడుకు నుదుటి మీది తడిగుడ్డ తీసి, తిప్పి వేసింది.

"నాకెరికే," అంది. "నువ్వు మెట్టు దిగినప్పుడే ఎరిక. అక్కడ దాకా ఎల్లినదానివి, మూసీసి వొస్తావేటి? నువ్వక్కడ అంతావు. పెళ్లాం అంటే ఆయువు తగ్గుద్ది. తల్లి పిలిస్తే పెరుగుద్ది కాదేటి? అందుకే నాను ఊరుకోనేదు. నువ్వు ఒకటంటే నానిక్కడ నూరైనా అనాల."

నాకు ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది. అంతకు ముందెప్పుడూ ఆవిడంటే భయమే తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అప్పుడు ప్రేమ వచ్చింది, చెప్పలేనంత వచ్చింది. కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఆవిడ మోకాలికి తల ఆనించాను. ఆవిడ నా తల నిమరలేదు, అంత ఓపిక లేదు. బయట వాన పెద్దదైంది. కిటికీలోంచి చల్లటి గాలి వచ్చింది.

అత్త మళ్లీ కొడుకును పిలవబోయింది. పెదవులు కదిలాయి గానీ గొంతు లేదు. దగ్గి, మళ్లీ ప్రయత్నించింది. రాలేదు. మంచం మీద ఆయన కళ్లు పూర్తిగా మూసుకుపోతున్నాయి. అత్త నా భుజం తట్టింది.

"నువ్వు పిలు," అని గుసగుసగా అంది.

నేను ఆవిడ మొహం చూశాను. తెలిసే అంటోందా అనుకున్నాను.

"ఏమని పిలవనత్తా?"

"అక్కడేటన్నావో అదే. అనీసినదాన్ని మళ్లీ మింగీగలవేటి? ఆడు పలకాల. బేగి పిలు."

లేచి మంచం పట్టె పట్టుకున్నాను. దుర్గ్‌లో ముగ్గురు పెద్దల ముందు పుస్తకం చూసి చదివాను, ఇక్కడ మనిషిని చూసి అనాలి. ఆయన చెవి దగ్గరికి వంగాను.

"బలరాం," అన్నాను.

పలకలేదు. మళ్లీ అన్నాను, ఈసారి కొళాయి దగ్గరి గొంతుతో. పక్క మంచం మనిషి ఉలిక్కిపడి లేచాడు.

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. కళ్లు తెరవకుండానే తల అటూ ఇటూ కదిపారు. పొద్దున్నుంచీ వింటున్న గొంతు కాదది. ఆ గొంతులో ఆ పేరు ఆయన ఎన్నడూ వినలేదు.

"ఎవులే అమ్మా?" అన్నారు.

"పంతులమ్మ," అంది అత్త. "పలుకు."